పెళ్లిగౌనులో మిస్టర్ క్వింబీ

మీరందరూ ఆ సినిమా చూసే ఉంటారు. తుపాకి గుండుకి బెదరని షెరీఫ్, ఆడపిల్ల ఎదురుపడితే మాత్రం నోట మాట రాక నీళ్లు నములుతాడే, ఆ సినిమాయే. పెళ్లికూతురు బ్యాంకు యజమానిని చర్చిలోనే వదిలేసి, పెళ్లిగౌనుతోనే గుర్రమెక్కి, విందు బల్ల మీదుగా దూకి షెరీఫ్ కోసం పరుగెత్తే సీనుకి చప్పట్లు కొట్టనివాడు మా లోయలో లేడు. ఆ సీనులో నేనున్నాను. నా ముఖం స్పష్టంగా కనిపిస్తుంది కూడా. అయినా మీలో ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఎందుకు గుర్తుపట్టలేదో చెప్పాలంటే మా వంటింట్లోంచి మొదలుపెట్టాలి.

నా వృత్తి గుర్రాల మీంచి పడటం. హీరో కొండ మీంచి దొర్లితే దొర్లేది నేను. హీరో సారా కొట్టు కిటికీ బద్దలుకొట్టుకుని వీధిలో పడితే పడేది నేను. లేచి దుమ్ము దులుపుకుని హీరోయిన్ని ముద్దు పెట్టుకునేది మాత్రం హీరో. ఇన్నేళ్లలో నా వీపు ఎరగని ప్రేక్షకుడు అమెరికాలో లేడు. నా ముఖం ఎరిగినవాడు మా వీధి బార్బరు ఒక్కడే. చచ్చేలోగా ఒక్కసారి నా ముఖం తెర మీద చూసుకోవాలని నాకు తీరని కోరిక.

ఆ కోరిక సంగతి మా స్వారీగాళ్ల మేస్త్రీ గ్రిమ్జ్‌కి బాగా తెలుసు. ఒకరోజు నన్ను స్టూడియో గుర్రాల కొట్టం వెనక్కి పిలిచి, పొట్టి డాబ్స్ జబ్బ విరగ్గొట్టుకున్నాడని చెప్పాడు. డాబ్స్ మాలో అందరికంటే పొట్టివాడు. హీరోయిన్ గుర్రం మీంచి పడాల్సి వస్తే విగ్గు పెట్టుకుని గౌను తొడుక్కుని పడేది అతనే. ఆ రోజుల్లో అదే పద్ధతి. హీరోకి మగ డూపు, హీరోయిన్‌కీ మగ డూపే. డాబ్స్ తర్వాత మాలో సన్న నడుం నాదేనట. ఈ పెళ్లికూతురి స్వారీ చేసిపెడితే తర్వాతి సినిమాలో నా ముఖానికి ఒక డైలాగు ఇప్పిస్తానన్నాడు గ్రిమ్జ్. ముఖం అన్న మాట వినగానే నేను గౌను సంగతి మర్చిపోయాను.

ఇంటికి వస్తుంటే దారిలో గుర్తొచ్చింది. గౌనుతోబాటు మా ఆవిడ కూడా గుర్తొచ్చింది.

మా ఆవిడ ఎఫీ వయోమింగ్‌లో పుట్టింది. నడక రాకముందే స్వారీ వచ్చిందని వాళ్ల వాళ్లు చెబుతారు. వాళ్లమ్మమ్మ పాతకాలపు మనిషి. ఆడది కాళ్లు చెరోవైపు వేసి గుర్రమెక్కితే ప్రళయం వస్తుందని నమ్మి, రెండు కాళ్లూ ఎడమ పక్కకే వేసుకుని కూర్చునే ఆడవాళ్ల జీను మీదే మనవరాలికి స్వారీ నేర్పింది. ఆ జీను మీద కూర్చుని ఎఫీ కంచెలు దూకడం చూసే నేను ఆమెని ప్రేమించాను. మేము కాలిఫోర్నియా వచ్చిన కొత్తలో, సినిమాల్లో తనకేమైనా స్వారీ పని దొరుకుతుందా కనుక్కోమని ఎఫీ అడిగింది. ఆడవాళ్లని తీసుకోరని చెప్పాను. అది నిజమే. ఆడవాళ్ల స్వారీ కూడా మగవాళ్లే గౌన్లు తొడుక్కుని చేస్తారన్న సంగతి మాత్రం చెప్పలేదు. మగవాడి పనికి ఇంట్లో పోటీ ఎందుకనుకున్నాను. పాపం, ఆమె నా మాట నమ్మి, స్టూడియో దుస్తుల వాళ్లకి కుట్టుపని చేస్తూ కూర్చుంది. అమ్మమ్మ జీను మా కోళ్ల గూట్లో పడి ఉండేది.

ఇప్పుడు ఆ సినిమాలో పెళ్లికూతురు ఎక్కాల్సింది సరిగ్గా అలాంటి జీనే. నాకు రాదు. మా స్వారీగాళ్లలో ఎవరికీ రాదు. లోయ మొత్తం మీద వచ్చిన మనిషి మా వంటింట్లో ఉంది. ఆమెని అడగాలి, ఎందుకో చెప్పకూడదు. చెప్పానో, ఆ పని నీకు దక్కకుండా నేను గౌను తొడుక్కుంటున్నానని చెప్పినట్టే. ఆ తర్వాత ఆ ఇంట్లో నేను ఉండగలనా?

ఎఫీ పిండి వత్తుతోంది. నేను కాఫీ పోసుకుని, మాటవరసకి అన్నట్టు మొదలుపెట్టాను.

“ఆ పాత జీను ఊరికే వృథాగా పడి ఉంది ఎఫీ.”

“వృథా ఎక్కడ? కోళ్లు రోజూ గుడ్లు పెడుతున్నాయి దాంట్లో.”

“అది కాదు. నాకు నేర్పకూడదూ?”

“గుడ్లు పెట్టడమా?”

“స్వారీ. ఆడవాళ్ల జీను మీద.”

ఎఫీ అప్పడాల కర్ర ఆపి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఎందుకని అడిగింది. నడుం నొప్పికి అలా కూర్చుంటే మంచిదని డాక్టరు చెప్పాడన్నాను. ఏ డాక్టరని అడిగింది. తొందరలో నోటికొచ్చిన పేరు చెప్పేశాను.

“ఫిష్‌బర్న్ పశువుల డాక్టరు కదా, ఆర్లో.”

“అయితేనేం? నన్ను చూసే చెప్పాడు.”

“చూసే చెప్పుంటాడులే,” అని ఎఫీ మళ్లీ పిండి మీద పడింది. అంత సులువుగా ఒప్పుకున్నందుకు నేను అనుమానపడాల్సింది. పడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాటి నుంచి మా ఇంటి కొట్టం వెనకాల పాఠాలు. గౌను లేకుండా ఆ జీను కుదరదని, తన పాత ఉన్ని లంగా కట్టించింది ఎఫీ. నేను నేర్చుకునే గుర్రం పేరు సెనేటర్. ముసలిదే గాని మాట వినడంలో నాకంటే నయం. నేను ఎక్కడం, లంగా కొమ్ముకి తగులుకోవడం, నేను అవతల పక్కకి దిగిపోవడం. ఆ జీనుకి ఎడమ పక్క రెండు కొమ్ములుంటాయి. కుడికాలు తెచ్చి పై కొమ్ముకి మెలివెయ్యాలి, ఎడమకాలు కింది కొమ్ము అడుగున రికాబులో పెట్టాలి. కుడి పక్క మనిషికి సంబంధించింది ఏమీ ఉండదు. వీపు నిటారుగా పెట్టమని ఎఫీ నా కుడి పక్కనే బెత్తం పట్టుకుని నడుస్తూ చెప్పేది. ఆ బెత్తం నాకోసమే అనుకుని ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఒక ఉదయం కంచె అవతల నుంచి పక్కింటి మిసెస్ టాల్‌బట్ ఇదంతా చూసింది. ఆ మధ్యాహ్నమే పీచ్ పళ్లు కూరిన తీపి రొట్టె ఒకటి చేసుకొచ్చి ఎఫీ చేతులు పట్టుకుని, ఇలాంటివి ఏ సంసారంలోనైనా వస్తాయని, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్లింది. ఎఫీ కన్నీళ్లు తుడుచుకుంది. అవి నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్లని నాకు మాత్రమే తెలుసు.

కొన్నాళ్లకి నేను సెనేటర్ మీద పరుగు తీసి చిన్న కంచె దూకగలిగాను. ఎఫీ చప్పట్లు కొట్టి, ఇంకొక్క సంగతి మిగిలిందంది.

“ఏమిటది?”

“అసలు కారణం చెప్పు, చెప్తా.”

“చెప్పాగా, నడుం నొప్పి.”

“నడుం నొప్పికయితే ఆ ఒక్కటీ అక్కర్లేదులే,” అని బెత్తం చంకలో పెట్టుకుని లోపలికెళ్లింది. ఆడవాళ్ల చాదస్తం అనుకుని నేను వదిలేశాను.

ఈలోగా స్టూడియో నుంచి ఎఫీకి కుట్టుపని వచ్చింది. ఏం వచ్చిందో మీరే ఊహించుకోండి. తెల్ల శాటిన్ పెళ్లిగౌన్లు, ఒకేలాంటివి రెండు. సినిమాల్లో చిరిగే బట్ట ఎప్పుడూ రెండు కుడతారు. ఆ గుడ్డ మా టేబుల్ మీద పరిచి ఉండటం చూసి వచ్చిన దారినే వెనక్కి తిరగబోయాను. కొలతలు కాగితం మీద ఉన్నాయిగాని మనిషి మీద చూసుకుంటే మంచిదని, కాస్త నిలబడమంది ఎఫీ.

“నేనా? నేనెందుకు?”

“కొలతలు దగ్గర దగ్గర నీవే. ఈ హీరోయిన్‌కి భుజాలు మరీ వెడల్పు.”

“గుర్రపు స్వారీ అమ్మాయి కదా మరి.”

“ఎడమ భుజం కొంచెం కిందికుంది. అచ్చం నీలాగే.”

“పాపం,” అన్నాను.

“అవును, పాపం,” అంది ఎఫీ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని. పెళ్లైన నాటి నుంచి నా చొక్కాలన్నీ ఆమే కత్తిరిస్తోంది. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తట్టలేదంటే మీరు నమ్మరు. తట్టలేదు.

షూటింగ్ రోజు వచ్చింది. వీధికి అడ్డంగా పొడవాటి విందు బల్ల. దాని మీద కాల్చిన టర్కీలు, పళ్లు, మధ్యలో అంతస్తుల కేకు. అట్టతో చేసింది పెట్టమంటే దర్శకుడు హార్ట్‌విగ్ ఒప్పుకోలేదు. ఆయనకి అన్నీ నిజమైనవే కావాలి. కాఫీ అడగడానికి కూడా మెగాఫోనులోనే అడిగే మనిషి. హీరోయిన్ మిస్ డెలమేర్ మాత్రం మా బోటివాళ్లతోనూ నెమ్మదిగా మాట్లాడేది. విగ్గు పెట్టుకుని నిలబడ్డ నన్ను చూసి నవ్వు ఆపుకుని, పెళ్లికూతుళ్లు పొగాకు నమలరని గుర్తుచేసింది. నేను ఉమ్మేసి వచ్చాను.

గుర్రం పేరు మొలాసిస్, అంటే మెల్లగా కారే బెల్లప్పాకం. దాని పరుగు చూసిన తర్వాత ఆ పేరు పెట్టినవాణ్ణి వెతికి తన్నాలనిపిస్తుంది. హార్ట్‌విగ్ మెగాఫోను అరిచింది. నేను చర్చి గుమ్మం నుంచి బయటికొచ్చి, గౌను పట్టుకుని జీనెక్కి, ఎడమ మడమతో డొక్కలో పొడిచాను.

మొలాసిస్ కుడికి తిరిగింది.

నేను మళ్లీ పొడిచాను. అది ఇంకా కుడికి తిరిగింది. గుర్రం మీద పుట్టి పెరిగిన ఏ మగవాడైనా అప్పుడేం చేస్తాడు? కుడి మడమ కూడా వాడతాడు. నేనూ వాడబోయాను. నా కుడి మడమ ఎడమ పక్కన కొమ్ముకి మెలేసి ఉందన్న సంగతి కాలు విదిలించాక గుర్తొచ్చింది. అంతటితో జీనుకీ నాకూ మధ్య ఉన్న బంధం తెగిపోయింది. మొలాసిస్ గుండ్రంగా తిరిగి, బ్యాండు వాళ్ల మధ్యలోంచి, బల్ల చివర్న పెళ్లికొడుకు తల్లి వేషంలో కూర్చున్న పెద్దావిడ టోపీ ఎగరగొట్టుకుంటూ వెళ్లి, బల్ల ముందు టక్కున ఆగింది. నేను ఆగలేదు. కేకు నిజమైనదే అయినందుకు ఆ ఒక్కసారి హార్ట్‌విగ్‌కి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

గౌను నిలువునా చిరిగింది. పెద్దావిడ తన ఏజెంటుతో మాట్లాడతానని చెప్పి కారెక్కి వెళ్లిపోయింది. హార్ట్‌విగ్ మెగాఫోను పక్కన పెట్టి మామూలు గొంతుతో మాట్లాడాడు. అది ఇంకా భయంగా ఉంది. కేకు ఇంకోటి ఉందట, ఎండ వాలడానికి కాస్త సమయముందట, రెండో గౌను తొడుక్కుని రమ్మన్నాడు.

గుడారంలోకి వెళ్లి రెండో గౌను తొడుక్కున్నాను. తొడుక్కున్నాను అనకూడదు. భుజాల దగ్గరే ఆగిపోయింది. ఇద్దరు మనుషులు పట్టి లాగినా గుండీలు ఒకదాన్నొకటి చూసుకునే దూరంలోకి కూడా రాలేదు. మొదటి గౌను నా చర్మంలా అతికింది, రెండోది ఇలా ఎందుకుందని దుస్తుల ఆవిడ తల పట్టుకుంది. ఇది కుట్టిన మనిషి బయటే ఉందని, కుట్లు ఎలా నిలిచాయో చూద్దామని పొద్దున్నే వచ్చిందని చెప్పి, పిలిచింది.

గుడారం తెర తొలగించుకుని మా ఆవిడ లోపలికి వచ్చింది. నా తల మీద విగ్గు, విగ్గు మీద క్రీము.

“నడుం నొప్పి ఎలా ఉంది మిస్టర్ క్వింబీ?” అంది.

మా ఆవిడ మామూలుగా నన్ను ఆర్లో అంటుంది, నువ్వంటుంది. మిస్టర్ క్వింబీ అంటూ మీరులోకి దిగిందంటే ఇక నాకు తిండి గింజలు లేనట్టే. నేను నోరు తెరిచాను గాని మాట రాలేదు. సినిమాలో షెరీఫ్ వేషానికి నన్నే తీసుకుని ఉండాల్సింది.

“గౌను బిగుతుగా ఉందటగా. ఇలా ఇవ్వండి, ఇది నా కొలతలకి కుట్టాను.”

బయట గొడవ మొదలైంది. ఆడవాళ్లు ఇలాంటివి చెయ్యరని గ్రిమ్జ్ అన్నాడు. ఆడది గుర్రమెక్కి పారిపోవడమే ఈ సినిమా కథ కదా గ్రిమ్జ్, అని మిస్ డెలమేర్ నెమ్మదిగా అంది. హార్ట్‌విగ్ ఎండ వంక చూశాడు, చిరిగిన గౌను వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు.

“ఈమె నీ భార్యా? చెయ్యగలదా?”

ఎఫీ కూడా నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. కాలిఫోర్నియా వచ్చిన కొత్తలో, సినిమాల్లో నాకేమైనా పని ఉంటుందా అని అడిగినప్పుడు ఎలా చూసిందో ఇప్పుడూ అలాగే చూస్తోంది. అప్పుడు లేదన్నాను. ఇప్పుడూ లేదంటే చెల్లిపోతుంది, మొగుడు వద్దన్నాక హార్ట్‌విగ్ ఒప్పుకోడు. తర్వాతి సినిమాలో నా డైలాగు కూడా ఉంటుంది. కాని క్రీము మొహంతో అబద్ధం ఆడటం అంత తేలిక కాదు.

“నాకంటే బాగా చేస్తుందండి,” అన్నాను. “ఇక్కడున్న అందరికంటే బాగా చేస్తుంది. నాకు మొదట్నుంచీ తెలుసు.”

ఎఫీ గౌను తొడుక్కుని వచ్చింది. సంచిలోంచి ఆ బెత్తం తీసి నా కళ్ల ముందు ఆడించింది.

“మిగిలిపోయిన ఒక్కటీ ఇదే. కుడి పక్క నీకు కాలు లేదు కదా, ఇదే కాలు. ఇది లేకపోతే పాపం గుర్రానికి ఏం తెలుస్తుంది?”

ఇన్నాళ్లూ ఆమె నా కుడి పక్కనే బెత్తంతో సెనేటర్‌ని తడుతూ నడిచింది. తన్నులు నాకోసమేమోనని భయపడ్డానే గాని గుర్రం కోసమని నాకు తోచలేదు.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. పెళ్లికొడుకు తల్లి కుర్చీ ఖాళీ. గుర్రం తమ తల మీదుగా దూకే చోట కూర్చోడానికి మిగతా వేషధారులెవరూ ఒప్పుకోలేదు. హార్ట్‌విగ్ చూపు మళ్లీ నా విగ్గు మీద పడింది. దాని మీద పెద్దావిడ టోపీ పెట్టి, గడ్డం కింద రిబ్బను కట్టి, భుజాల మీద శాలువా కప్పి నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒక కెమెరా సరిగ్గా నా ముఖానికి ఎదురుగా పెట్టారు. కోడలు చెయ్యిజారి పోతోంది, హడలిపోయి కెవ్వుమనాలి, అది చాలన్నాడు హార్ట్‌విగ్.

మెగాఫోను అరిచింది. ఎఫీ చర్చి మెట్లు దిగింది. మెట్ల మీద చూశాను, జీనెక్కడం చూడలేదు. ఎక్కిందంటే ఎక్కేసింది అంతే. బెత్తం కుడి డొక్కకి ఇలా తగిలిందో లేదో మొలాసిస్ గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. వీపు నిటారుగా, తల మీద ముసుగు వెనక్కి తేలుతూ, ముఖంలో ఏ కంగారూ లేకుండా, వయోమింగ్‌లో కంచెలు దూకిన పిల్ల ఏమాత్రం మారకుండా నా మీదికి వస్తోంది. కేకు మీదుగా, టర్కీల మీదుగా, నా టోపీ మీదుగా దూకింది. ఒక్క గ్లాసు కదల్లేదు. అవతల దిగి, దుమ్ము లేపుకుంటూ వీధి మలుపు తిరిగిపోయింది. మా స్వారీగాళ్లందరూ టోపీలు తీశారు. గ్రిమ్జ్ కూడా తీశాడు. హార్ట్‌విగ్ ఇంకో టేకు అడగలేదు.

సినిమా వచ్చాక ఒక మధ్యాహ్నం ఆటకి వాన్ నైస్ ఊళ్లో సినిమా హాలుకి వెళ్లాం, నేనూ ఎఫీ. మా వెనకాలే మిసెస్ టాల్‌బట్. ఆ సీను వచ్చింది. ఎఫీ దూకింది, హాలు హోరెత్తింది. ఆ వెంటనే తెర నిండా నా ముఖం. ఇన్నేళ్ల నా కోరిక, రిబ్బను కట్టిన టోపీలో, కొండంత పెద్దదిగా. జనం విరగబడి నవ్వారు.

హడలిపోయి కెవ్వుమనమని కదా నాకు చెప్పింది. తెర మీది ముసలమ్మ కెవ్వుమనలేదు. నోరు తెరుచుకుని, కళ్లు చెమ్మగిల్లి, ప్రపంచంలో ఇంతకంటే గొప్పది లేదన్నట్టు తల తిప్పుతూ ఆ పారిపోయే పెళ్లికూతుర్నే చూస్తోంది.

“విడ్డూరం కాకపోతే, కోడలు లేచిపోతుంటే ఆ అత్తగారి ముఖంలో ఆ సంబరం చూడు,” అంది వెనక నుంచి మిసెస్ టాల్‌బట్.

ఎఫీ చీకట్లో నా చెయ్యి పట్టుకుంది.

“భయపడమంటే అలా చూశావేంటి ఆర్లో?”

“నాకు నటన రాదు,” అన్నాను.

ఎఫీ చాలాసేపు చెయ్యి వదల్లేదు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, గ్రిమ్జ్ పొద్దున ఇంటికొచ్చి వెళ్లాడని చెప్పింది. తర్వాతి సినిమాలో రైలు పక్కన స్వారీకి తనని అడిగాడట. నా డైలాగు సంగతేమన్నాడని అడిగాను. అదీ ఉందంది. ముసలమ్మ జనానికి తెగ నచ్చిందట. ఈసారి ఆవిడకి మాటలు కూడా రాశారట.

“ఇంటికెళ్లగానే కాస్త నిలబడు,” అంది. “కొలతలు తియ్యాలి. ఆ ఎడమ భుజం కొంచెం కిందికుంటుంది ఆవిడకి.”